రేపియర్ సాధన: నేను పొడిచినప్పుడల్లా నాకూ తగులుతోంది, ఏం మార్చాలి?

కొర్లగుంట_మిద్దె

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ చేస్తాను. కొంతకాలంగా నేనూ మా బావమరిదీ కలిసి పాత ఇటాలియన్ రేపియర్ కత్తిసాము నేర్చుకుంటున్నాం. రేపియర్ అంటే ఎక్కువగా పొడవడానికి వాడే సన్నటి, పొడవాటి కత్తి. నేర్పేవాళ్ళు దగ్గర్లో ఎవరూ లేరు. ఇటలీ కత్తిసాము గురువులు కాపో ఫెర్రో 1610లో వేసిన పుస్తకం, జిగాంతి 1606లో వేసిన పుస్తకం, ఈ రెండింటి ఇంగ్లిష్ అనువాదాలూ వాటిలోని బొమ్మలే మా గురువులు. మొన మొద్దుచేసి రబ్బరు తొడిగిన ప్రాక్టీస్ కత్తులు, మాస్కులు, మెడకు కాపు, మందపాటి జాకెట్లు ఉన్నాయి. తెల్లారేలోపు మిద్దె మీద ఆడుకుంటాం. ఎండెక్కితే ఆ జాకెట్లో ఉండలేం.

సమస్య ఏమిటంటే, దాదాపు ప్రతిసారీ ఇద్దరికీ తగులుతోంది. నా మొన వాడి రొమ్ము మీద, వాడి మొన నా గొంతు కాపు మీద. నిజం కత్తులైతే ఇద్దరి ఇంట్లోనూ ఏడుపులే. నేను నేర్చుకోవాలనుకున్న విద్య ఇది కాదు. అవతలివాడిని తాకి తాను క్షేమంగా వెనక్కి రావడమే కదా అసలు సంగతి. అందుకే సీరియస్‌గా అడుగుతున్నాను.

మేం ఎలా నిలబడతామో చెప్తాను. ఎదురెదురుగా నిలబడి కత్తులు మధ్యలో ఒకదానికొకటి ఆనేలా పెట్టుకుంటాం. ఆ చోటు నుంచి ఒళ్ళు కొంచెం ముందుకు వంచితే చాలు, మొన అవతలివాడి రొమ్ముకు అందుతుంది. అక్కడి నుంచి ఎవరు ముందు కదిలితే వాళ్ళు పొడుస్తారు. మా బావమరిది వాళ్ళ ఊరు చంద్రగిరి పక్కన, చిన్నప్పటి నుంచి కర్రసాము చేసినవాడు. చేయి చాలా వేగం. పోటుతో ఆగడు, మణికట్టు తిప్పి వేటు కూడా వేస్తాడు.

ఇంకో అనుమానం. కాపో ఫెర్రో బొమ్మల్లో మనిషి బరువు వెనక కాలి మీద వేసి వెనక్కి వాలి ఉంటాడు. ఫాబ్రిస్ అనే ఇంకో గురువు పుస్తకంలోని బొమ్మల్లో నడుము దగ్గర వంగి తల ముందుకు పెట్టి ఉంటాడు. ఇద్దరూ దాదాపు ఒకే కాలంవాళ్ళు, ఇద్దరూ ఇటలీవాళ్ళే. ఏది పట్టుకోవాలి?

---

ఎపే_తిరుపతి

నమస్తే అన్నా. నేను రేపియర్ చేయలేదు, ఎపే ఆడతాను, అంటే ఇప్పటి ఫెన్సింగ్ పోటీల్లోని ఒక రకం కత్తి. ఫెన్సర్ భవానీ దేవి టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్ళినప్పటి నుంచి ఇంట్లోవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. కాబట్టి నాకు తెలిసినంత వరకే చెప్తాను.

మా ఆటలో ఇద్దరూ సెకనులో 25వ వంతు లోపు ఒకరినొకరు తాకితే ఇద్దరికీ పాయింట్ వస్తుంది. అందుకే లీడ్‌లో ఉన్నవాళ్ళు చివర్లో కావాలనే, తగిలినట్టు చూపే రెండు లైట్లూ వెలిగేలా ఆడతారు. మీరు యూట్యూబ్‌లో ఎపే మ్యాచులు చూసి ఆ వేగం తెచ్చుకోవాలనుకుంటే ఆ అలవాటు కూడా వెంట వస్తుంది. ఆ మ్యాచులను మీ సాధనకు నమూనాగా పెట్టుకోవద్దు.

కత్తి కూడా వేరు. ఎపే మొత్తం బరువు 770 గ్రాములు దాటకూడదు, బ్లేడు 90 సెంటీమీటర్లు మించకూడదు. రేపియర్ సాధారణంగా కిలో పైనే ఉంటుంది, బ్లేడు మీటరు దాటుతుంది. మా మణికట్టు ఆటలు ఆ బరువుతో కుదరవు.

మాస్కుల గురించి ఒక్క మాట. మాస్కు మీద 350 న్యూటన్లు అని ఉందా, 1600 అని ఉందా చూసుకోండి. మెడ కింద గుడ్డ ఎంత నిరోధిస్తుందో ఆ అంకె చెప్తుంది. బరువైన కత్తికి 1600 ఉన్నదే తీసుకోండి. ముఖం ముందున్న ఇనుప జాలి ఎక్కడైనా లోపలికి నొక్కుకుపోయి ఉంటే ఆ మాస్కు పక్కన పెట్టేయండి. తల వెనక భాగానికి కూడా కాపు కావాలి, వేట్లు వేస్తున్నారు కాబట్టి.

---

చిత్తూరు_పాతపీఈటీ

నాయనా, నీ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఒళ్ళు కొంచెం వంచితే చాలు రొమ్ముకు అందుతుంది అని రాశావే, ఆ వాక్యం మళ్ళీ చదువుకో.

నేను చిత్తూరులో చాలా ఏళ్ళు స్కూలు పిల్లలకు ఆటలు నేర్పినవాణ్ణి. రిటైరయ్యాక ఈ పుస్తకాల్లో పడ్డాను. ఇవి రాసినవాళ్ళు మంచి ఉపాధ్యాయులు, ఒక్క మాట వృథాగా రాయలేదు. వాళ్ళు మొదట చెప్పేది పొడవడం గురించి కాదు, దూరం గురించి. దాన్ని మిసురా అంటారు. పాదం చాచి పొడిస్తే అందే దూరం మిసురా లార్గా. పాదం కదపకుండా ఒళ్ళు వంచితే చాలు అందేది మిసురా స్ట్రెట్టా. మీరిద్దరూ ఆట మొదలుపెట్టేదే స్ట్రెట్టాలో. అక్కడ నువ్వు అందుకోగలవు, వాడూ అందుకోగలడు, ఎవరి కత్తీ ఎవరి అదుపులోనూ లేదు. ఇద్దరికీ తగలక ఏమవుతుంది? చేయి ఎంత వేగమున్నా ఆ చోట పనికిరాదు. మనిషి చూసి, తెలుసుకుని, కదిలే లోపల మొన దిగిపోతుంది.

ముందు మిద్దె మీద సుద్దముక్కతో గీతలు గీసుకోండి. గోడ మీద ఒక గుర్తు పెట్టి, అడుగు పూర్తిగా చాచినప్పుడు మొన దానికి సరిగ్గా తాకేలా నిలబడు. వెనక పాదం ఉన్నచోట ఒక గీత. తర్వాత పాదాలు కదపకుండా, ఒళ్ళు మాత్రమే వంచితే తాకే చోట ఇంకో గీత. ఈ రెండు గీతల మధ్య ఎంత జాగా ఉందో చూస్తే నీకే ఆశ్చర్యమేస్తుంది. మీ ఇద్దరి ఎత్తూ ఒకటి కాదు కాబట్టి వాడి గీతలు వేరే. నీకు అందని దూరంలో వాడికి నువ్వు అందుతావేమో అది కూడా తెలుసుకో. కత్తి పొడవు గురించి కాపో ఫెర్రో అంత పట్టుగా చెప్పింది ఇందుకే. కత్తి చేతికి రెండింతలు ఉండాలట, చంక నుంచి అరికాలి దాకా ఎంతో అంత, ఆ కత్తి పట్టే మనిషి పెద్ద అడుగు ఎంతో అంత. చేయి, కత్తి, అడుగు మూడూ ఒకే లెక్కలో ఉంటే దూరం కంటికి త్వరగా అలవాటవుతుంది.

ఇక కత్తిని కనుక్కోవడం, అంటే వాడి కత్తిని నీ కత్తితో అదుపులోకి తెచ్చుకోవడం. అందరూ దాటేసే పాఠం ఇదే, అందుకని దీని మీదే ఎక్కువ రాస్తాను.

కాపో ఫెర్రో కత్తిని రెండు భాగాలుగా చూస్తాడు. పిడి నుంచి సగం దాకా ఫోర్తె, గట్టి భాగం. సగం నుంచి మొన దాకా దెబోలె, బలహీన భాగం. ఫాబ్రిస్ నాలుగు భాగాలు చేస్తాడు గానీ లెక్క అదే. వాడి మొన దగ్గరి భాగం మీదికి నీ కత్తిలో అంతకంటే గట్టి భాగం వచ్చేలా పెట్టాలి, నీ మొన మాత్రం వాడి ఒంటి వైపే చూస్తుండాలి. నొక్కకూడదు. జిగాంతి అయితే తాకకుండానే కప్పమంటాడు. నొక్కితే నీ చేయి బిగుసుకుంటుంది, వాడు కత్తి తీసేయగానే నీది పక్కకు జారిపోతుంది. తాకీ తాకనట్టు ఉంచితే వాడికి నేరుగా వచ్చే దారి మూసుకుపోతుంది. నేరుగా పొడిస్తే వాడి కత్తి నీ గట్టి భాగానికి తగిలి పక్కకు పోతుంది, నీ మొన మాత్రం వాడి ఎదురుగానే ఉంటుంది.

ఇదంతా లార్గాకు వచ్చేటప్పుడు చేయాలి. లోపలికి వచ్చాక వెతుక్కునే పని కాదు. వాడి మొన నీకు అందే దూరానికి రాకముందే నీ కత్తి సరైన పక్క ఉండాలి.

అప్పుడు వాడు ఏం చేయగలడు? వెనక్కి పోవచ్చు. లేదా కత్తిని నీ కత్తి కింది నుంచి తిప్పి రెండో పక్కకు తేవచ్చు, దాన్ని కవత్సియోనె అంటారు. ఆ తిప్పే క్షణమే నీది. దూరం లోపల ఎదుటివాడు చేసే ప్రతి కదలికా టెంపో అని ఫాబ్రిస్ చెప్తాడు. పాదం ఎత్తడం, గార్డ్ (కత్తి పట్టి నిలబడే తీరు) మార్చడం, కత్తి తిప్పడం, బెదిరించడానికి మొన ఊపడం, ఏదైనా సరే. వాడు ఆ పనిలో ఉన్నంతసేపు ఇంకో పని చేయలేడు, నువ్వు ఆ సందులో వెళ్ళాలి. అదే కదలిక దూరం బయట చేస్తే అది టెంపో కాదు, దానికి ఆశపడి దూకితే నువ్వే దొరికిపోతావు. మీరు చేస్తున్నది "వాడు కదిలితే నేను పొడుస్తా" అని కాబట్టి సగం సరైనదే. వాడి కత్తి ఎక్కడుందో చూడకుండా పొడుస్తున్నారు, మీరు వదిలేస్తున్న మిగతా సగం అది.

పొడిచేటప్పుడు కూడా దారి మూసే పొడవాలి. వాడి కత్తి నీకు ఎడమ పక్కన ఉంటే చేయి అరచేయి పైకి వచ్చేలా తిప్పు, అది క్వార్తా. నీ కత్తి పదును వైపు వాడి కత్తికేసి తిరుగుతుంది. వాడి కత్తి కుడి పక్కన ఉంటే అరచేయి కిందికి, సెకోండా. ఈ తిప్పడం అందానికి కాదు, పిడి వాడి కత్తికి అడ్డం రావడానికి. మీ ఇద్దరి వీడియో ఒకటి తీసి, పోటు తగిలిన క్షణంలో ఆపి, మీ చేతులు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకోండి. నేను పందెం వేస్తాను, రెండు చేతులూ బొటనవేలు పైకి ఉన్నట్టే ఉంటాయి.

ఈ నాలుగు చేతి స్థానాలకు ప్రీమా, సెకోండా, తెర్త్సా, క్వార్తా అని వరసగా పేర్లు పెట్టి 1553లో పుస్తకం వేసినవాడు కమీల్లో అగ్రిప్పా. అతను కత్తిసాము గురువు కంటే ఇంజనీరు. రోములో సెయింట్ పీటర్స్ ముందున్న పెద్ద రాతి స్తంభాన్ని కదిలించడం గురించి కూడా పుస్తకం రాశాడు. ఒరలోంచి కత్తి దూసి ఎత్తినప్పుడు చేయి ఎలా ఉంటుందో అది ప్రీమా. అక్కడి నుంచి మణికట్టు క్రమంగా తిరుగుతూ పోతే మిగతావి. నిలబడి ఎదురుచూడటానికి కాపో ఫెర్రో మటుకు తెర్త్సా, అంటే బొటనవేలు పైకి ఉండే స్థానం, ఒక్కటే అసలైన గార్డ్ అంటాడు, మిగతావి పొడిచేటప్పుడు వచ్చేవి. కొత్తవాళ్ళకు ఆ మాట పట్టుకోవడమే మంచిది.

కాపో ఫెర్రోనా ఫాబ్రిసా అంటే, రెండూ సరైనవే, కానీ కలపకండి. కాపో ఫెర్రో ఒంటిని వెనక్కి దాచుకుని, అవకాశం రాగానే ఆ బరువంతా ముందుకు తెచ్చి చాలా దూరం సాగుతాడు. ఫాబ్రిస్ చేయి ముందుకు చాచి, ఒళ్ళు మడిచి, పిడి వెనకాల చిన్న గురిగా మారి నడుచుకుంటూ లోపలికి వెళ్తాడు. అతని పుస్తకం రెండో భాగం ముఖ్యంగా ఆగకుండా నడిచి వెళ్ళడం గురించే. దానికి కత్తిని కనుక్కోవడం బాగా వచ్చి ఉండాలి, లేకపోతే తల తీసుకెళ్ళి మొన మీద పెట్టినట్టే. మీరు కాపో ఫెర్రోతో మొదలుపెట్టండి.

ఒక ముచ్చట చెప్పనా. ఫాబ్రిస్ పదువా ఊరివాడు, ఈ పుస్తకాన్ని 1606లో డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ కొలువులో ఉండి కోపెన్‌హాగన్‌లో అచ్చువేయించాడు. అప్పుడు మన దగ్గర వెంకటపతి దేవరాయలు రాజ్యం చేస్తున్నాడు. చంద్రగిరిలో ఆయన కొలువుకు జెసూట్ పాదరీలు వచ్చిపోయిన కాలం అది. రాజమహల్ ముందు గడ్డి మీద కూర్చున్నప్పుడల్లా నాకు ఈ తేదీలే గుర్తొస్తాయి.

---

కొర్లగుంట_మిద్దె

సార్, చాలా థాంక్స్. పొద్దున గీతలు గీశాం. మీరన్నట్టు మేం ఆట మొదలుపెట్టే చోటు లోపలి గీత మీదే ఉంది. వీడియో కూడా ఆపి చూశాం, చేతుల గురించి మీరు రాసింది నిజమే.

ఇప్పుడు లార్గా నుంచి పొడవబోతే ఇంకో కష్టం వచ్చింది. నేను అడుగు వేయగానే వాడికి తెలిసిపోతోంది. కత్తి పక్కకు కొట్టేసి చేతి మీద వేటు వేస్తున్నాడు. దూరం పెరిగింది కాబట్టి వాడికి టైమ్ కూడా పెరిగింది కదా?

---

చిత్తూరు_పాతపీఈటీ

టైమ్ పెరగలేదు, నువ్వు ముందే చెప్పేస్తున్నావు. పాదం ముందు కదులుతోంది, చేయి తర్వాత వస్తోంది. ఈ గురువులందరూ ఒకే వరస చెప్తారు: చేయి ముందు, తర్వాత ఒళ్ళు, ఆఖర్న పాదం. చేయి చాచడం చిన్న కదలిక, కంటికి ఆలస్యంగా తెలుస్తుంది. పాదం పెద్ద కదలిక, చిన్నపిల్లాడికి కూడా కనిపిస్తుంది. ఇంకో నష్టం ఏమిటంటే, పాదం ముందు వెళితే నీ ఒళ్ళు కత్తి కాపు లేకుండా వాడి దగ్గరికి వెళ్తోంది.

మిద్దె మీద బట్టలు ఆరేసే తీగకు దారంతో ఒక నిమ్మకాయ వేలాడదీయి. రొమ్ము ఎత్తులో ఉండనీ. లార్గాలో నిలబడి నెమ్మదిగా చేయి చాచు, పూర్తిగా చాచాక ఒళ్ళు వంచు, ఇక ఆగలేవు అనిపించినప్పుడు పాదం వదులు. పాదం నేలమీద పడే చప్పుడు కంటే ముందు నిమ్మకాయ ఊగాలి. చప్పుడు ముందు వినపడితే మళ్ళీ మొదటి నుంచి. నెమ్మదిగా వచ్చేదాకా వేగం జోలికి వెళ్ళవద్దు. మోకాలు పాదం వేళ్ళ దిక్కునే వంగాలి, లోపలికి పడిపోకూడదు. మిద్దె మీద సిమెంటు నేల కాబట్టి మడమ ఠపీమని కొట్టకు, వయసు మీద పడ్డాక ఆ నొప్పి ఏమిటో తెలుస్తుంది. వీలైనప్పుడు యూనివర్సిటీ గ్రౌండులో మట్టి మీద చేసుకోండి.

వెనక్కి రావడం కూడా అంతే ముఖ్యం, జిగాంతి దాన్ని ప్రత్యేకంగా నేర్పుతాడు. ముందు తల వెనక్కి, తల వెంట ఒళ్ళు, ఒంటి వెంట పాదం. కాలితో ముందు నెట్టుకుంటే తల ముందే ఉండిపోతుంది, వాడికి అదే దగ్గరి గురి. పోటు తగిలినా తగలకపోయినా వెనక్కి రావడం చేయందే ఆ పోటు పూర్తయినట్టు కాదు. ఈ కాస్త అలవాటు చేసుకుంటే నీ మొదటి ప్రశ్నలో ఉన్న రెండు దెబ్బల్లో చాలా భాగం ఇక్కడే పోతుంది.

వేటు సంగతి. వేటు వేయాలంటే వాడు మొనను నీ ఎదుటి నుంచి తీసి పక్కకో పైకో ఎత్తాలి. ఆ ఎత్తడం టెంపోనే, అది కూడా పెద్దది. అందుకే వీళ్ళు పోటుకే పెద్దపీట వేశారు. కర్రసాములో కర్ర తిరుగుతూనే ఉంటుంది, ఆ తిరగడమే దానికి కాపు, చాలామందిని ఒకేసారి దూరం పెట్టడానికి అది గొప్ప విద్య. ఒక్కడి ముందు మొన పెట్టుకుని నిలబడే చోట మాత్రం, మొన ఎత్తిన మనిషి ఆ కాసేపు తలుపు తెరిచి పెట్టినవాడు. వాడు నీ కత్తిని కొట్టడానికి చేయి ఎత్తగానే నువ్వు నీ మొనను కింది నుంచి తప్పించి చేయి చాచు, వాడి కత్తి గాలిలో పోతుంది. ఇది మొదట చాలా నెమ్మదిగా, ఒకరు కొట్టడం ఒకరు తప్పించడం అని ఒప్పుకుని చేయండి. ఆటలో పెట్టుకోవడం తర్వాత.

వెదురు కర్రలతో మాత్రం ఒకరినొకరు పొడుచుకోవద్దు. చీలిన వెదురు మాస్కు జాలిలోంచి దూరుతుంది.

---

ఎపే_తిరుపతి

సార్, చేయి ముందు అనే మాట మా కోచ్ కూడా రోజూ చెప్తారు. 1606లోనే రాసి పెట్టారని తెలియదు. ఆ నిమ్మకాయ పద్ధతి నేనూ చేస్తాను.

---

చంద్రగిరి_కర్ర

సార్, అక్కా, నమస్కారం. ఆ బావమరిదిని నేనే. బావ ఒక సంగతి రాయలేదు, నాది ఎడమచేతి వాటం. బావ మీరు చెప్పినట్టు చేయి తిప్పుతున్నాడు. కానీ క్వార్తాలో వచ్చినప్పుడు పుస్తకంలో బొమ్మలాగా నా రొమ్ముకు తగలడం లేదు, భుజం బయటి పక్కకు వస్తోంది. తప్పు ఎవరిది? ఇంకోటి, నేను కర్రసాము వదిలేయాలా?

---

చిత్తూరు_పాతపీఈటీ

తప్పు ఎవరిదీ కాదు బాబూ, కర్రసాము వదలొద్దు. నీ పాదాలు, నీ కన్ను అక్కడి నుంచే వచ్చాయి. దెబ్బ వచ్చే దిక్కు ముందే పసిగట్టడం నీకు ఇప్పటికే తెలుసు, మీ బావ అది ఇప్పుడు నేర్చుకోవాలి.

ఇద్దరూ కుడిచేతివాళ్ళైతే ఒకరికి లోపలి పక్క అయినది రెండోవాడికీ లోపలి పక్కే. పుస్తకంలో బొమ్మలన్నీ దాదాపు అలాగే ఉంటాయి. నువ్వు ఎడమచేతివాడివి కాబట్టి మీ బావకు లోపలి పక్క నీకు బయటి పక్క. అతను నీ కత్తిని తన ఎడమకు పెట్టుకుని క్వార్తాలో వస్తే అతని మొన నీ చేతికి బయట ఉంటుంది, అందుకే భుజానికి, పక్కకు వస్తోంది. అది సరైన గురే. నీ కత్తిని తన కుడికి పెట్టుకుని సెకోండాలో వస్తే అప్పుడు నీ రొమ్ము ఎదురుగా ఉంటుంది. అవతలి కత్తి ఎటు ఉంటే పదును అటు తిప్పాలనే సూత్రం మాత్రం ఇద్దరికీ మారదు, నువ్వు ఎడమచేత్తో చేసేటప్పుడు అద్దంలో చూసినట్టు తిప్పుకోవాలి, అంతే.

ఈ వారం కత్తులు కలిపి ఆడటం ఆపేసి ఒక్కటే చేయండి. బావ లార్గాకు వచ్చి నీ కత్తిని కప్పాలి, నువ్వు నెమ్మదిగా కింది నుంచి తిప్పాలి, తిప్పుతుండగా అతను చేయి చాచి, దారి మూసి, తాకి, ముందు తల వెనక్కి తీసుకుని ఆ తర్వాత ఒళ్ళు, పాదం వెనక్కి తేవాలి. తర్వాత మీ స్థానాలు మార్చుకోండి. ఇద్దరికీ తగిలిందంటే ఆ క్షణంలో కత్తులు ఎక్కడ కలిశాయో అక్కడే ఆగి చూడండి. ఎవరి గట్టి భాగం ఎవరి బలహీన భాగం మీద ఉందో కనిపిస్తుంది.